సిద్ధయ్య పద్నాలుగు జింకలు

సిద్ధయ్య మాట్లాడే మనిషి కాదు. నేను మాట్లాడకుండా ఉండగలిగే మనిషిని కాదు. అందుకే డాక్టర్ ఇద్రీస్ మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మళ్లీ నా గురించి అడగొద్దు. నా పేరు పరంజ్యోతి, మాది అమలాపురం దగ్గర. కువైట్ వచ్చి మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఆరేళ్లు వంటా ఇల్లూ చూశాను. ఆ ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం. ఆవిడ తమ్ముడు జంతువుల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో అధికారి. నా నోరు పడలేకో, నా మీద జాలితోనో, మామా అతనికి చెప్పి నన్ను అక్కడి ల్యాబులో వేయించింది. సీసాలు కడగడం, ట్యూబుల మీద పేర్ల చీటీలు అంటించడం, డాక్టర్లకి చాయ్ పెట్టడం నా పని. చదివింది పదో తరగతే అయినా చీటీ అంటించడంలో నన్ను వేలెత్తి చూపినవాడు లేడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

డాక్టర్ ఇద్రీస్ సూడాన్ మనిషి. ఆయనకి జింకల పిచ్చి. ఒకప్పుడు కువైట్ ఎడారిలో రీమ్ అనే ఇసుక రంగు జింకలు మందలు మందలుగా తిరిగేవట. తుపాకులూ జీపులూ వచ్చాక ఖలాస్, బయట ఒక్కటి మిగల్లేదు. మిగిలినవి డబ్బున్నవాళ్ల తోటల్లో, కంచెల వెనక. వాటిలో కొన్నిటిని ఏరి, ఎడారిలో పెద్ద కంచె కట్టిన చోట మళ్లీ వదలాలని ఆయన పట్టుదల. కానీ తోటల్లో ఏళ్ల తరబడి అన్నాచెల్లెళ్లే జతకట్టి, పుట్టేవి ఏటికేడు నీరసించిపోతున్నాయని బెంగ. అందుకని ఏ తోట జింక ఏ తోట జింకకి చుట్టం, బయట అడవిలో పుట్టిన వాటికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది రక్తం తీసి డీఎన్ఏలో చూస్తున్నాడు. సంబంధం కలుపుకునే ముందు మనం ఇంటిపేర్లు అడగమూ, అలాగన్నమాట.

2009 మే నెలలో సులైబియాలోని అబూ నాసర్ తోటకి వెళ్లాం. గోడౌన్లు దాటాక ఇసుక రోడ్డు మీద కాస్త దూరం పోతే కంచె, కంచె పక్కన రేకుల గది, రేకుల గదిలో సిద్ధయ్య. నలభై ఐదేళ్లుంటాయి. ఎండకి చర్మం నల్లబడి బిగుసుకుపోయింది. డాక్టర్ అరబ్బీలో ఏది అడిగినా అవునంటే 'ఏవా' అంటాడు, కాదంటే 'లా' అంటాడు. మూడో మాట లేదు. డాక్టర్ విసిగిపోయి నా వైపు తిరిగి, "మీ దేశం మనిషే కదా, నువ్వు అడుగు" అన్నాడు. దేశం ఎంతుంటుందో ఆయనకేం తెలుసు! "ఏ ఊరండీ మీది?" అన్నాను తెలుగులో, తగిలితే తగిలిందని.

సిద్ధయ్య చేతిలో గడ్డి మోపు కింద పడేశాడు. "కడప జిల్లా, గాలివీడు" అన్నాడు. దగ్గరికొచ్చి, "నువ్వు తెలుగామెవా?" అని అడిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. అంత చిన్న మాటకి ఏడిచే మనిషిని ఇన్నేళ్లు ఇక్కడ ఒంటరిగా వదిలేసిందెవరని.

తర్వాత తెలిసింది. తోట పని అని చెప్పి 1998లో తీసుకొచ్చారు. వచ్చాక నాలుగేళ్లు ఎడారి నడుమ గొర్రెల దగ్గర పడేశారు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు తప్ప ఇంకో మనిషి మొహం లేదు. మాటలు మర్చిపోతానేమోనన్న భయంతో గొర్రెలకి పేర్లు పెట్టి పిలిచేవాడట. అబూ నాసర్ ఒకసారి అటు వచ్చి, ఇతను గొర్రెకి కాన్పు చేయడం చూసి, పాత కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో మాట్లాడి తన తోటకి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ జింకలే. ఊరికి వెళ్లింది రెండే రెండుసార్లు.

ఆ రోజు ఒక్కొక్క జింకనీ పట్టి రక్తం తీశారు. సిద్ధయ్య పట్టుకుంటే అవి కిక్కురుమనేవి కావు. నేను ట్యూబు మీద నంబరు అంటించి, "ఇదెవరు? దీని తల్లి ఎవరు?" అని అడిగేదాన్ని. అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్నది చుక్కమ్మ. సన్నంగా పొడుగ్గా ఉన్నది గోగు. మొగది సుల్తాన్, ఆ పేరు మాత్రం అబూ నాసర్ పెట్టింది. రెండు నెలల పిల్లలు రెండున్నాయి. ఒకటి చుక్కమ్మ బిడ్డ, ఇంకోటి గోగు బిడ్డ అన్నాడు. అవి వాటి దగ్గరే పాలు కుడుస్తున్నాయి కూడా. రాసుకున్నాను. మొత్తం పద్నాలుగు.

"ఈటిని యాడికి తీసకపోతారమ్మా?" అని అడిగాడు.

చెప్పాను. అబూ నాసర్‌కి మోకాళ్లు పోయాయి, కొడుకులు ఆ జాగాని గోడౌనుకి ఇచ్చేద్దామంటున్నారు. రక్తం బాగుండి, వంశం లెక్క సరిపోతే మందని ఎడారి కంచెకి తీసుకెళ్తారు, చూసుకోవడానికి సిద్ధయ్యనీ తీసుకెళ్తారు. సరిపోకపోతే జంతువుల సంతలో తలా ఒక దిక్కు.

"అన్నీ కలిసే పోతాయి కదా?"

"పోతాయండీ."

జీపు ఎక్కేదాకా ఆ మాటే మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగలేక, "ఇంగ కొంచేపుండి మాట్లాడి పోమ్మా, తెలుగు ఇని శానా దినాలాయ" అన్నాడు. డాక్టర్ యల్లా యల్లా అని హారన్ కొడుతున్నాడు. వచ్చేశాను. దారంతా నా మీద నాకే కోపం.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు అదే కనక, చర్చి అయ్యాక ఫోన్ చేసేదాన్ని. అతను చెప్పే కబుర్లన్నీ జింకలవే. సుల్తాన్ కొమ్ము కంచెలో ఇరుక్కుందనీ, చుక్కమ్మకి దగ్గు తగ్గిందనీ. నేను నా గదిలో ఉండే అయిదుగురు ఆడవాళ్ల మీద చాడీలు చెప్పేదాన్ని. ఇద్దరికీ బాగానే ఉండేది.

జూన్ మధ్యలో డాక్టర్ నన్ను పిలిచాడు. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. "జ్యోతీ, ఆ రెండు పిల్లలకీ తండ్రి కలిశాడు, సుల్తానే. తల్లి మాత్రం కలవలేదు. ఒకటి చుక్కమ్మకి పుట్టలేదు, రెండోది గోగుకి పుట్టలేదు. మందలో ఏ ఆడదానికీ పుట్టలేదు. చీటీలు అంటించింది నువ్వే కదా?" అన్నాడు.

నాకు నషాళానికంటింది. ఏడేళ్లుగా సీసాలు కడిగి కడిగి వేళ్లు నానిపోయాయి, ఒక్క చీటీ అటూ ఇటూ కాలేదు. "నా చేతిలో తప్పు లేదు డాక్టర్" అన్నాను.

"అయితే అతను అబద్ధం చెప్పాడు. రెండింటి విషయంలో అబద్ధమాడినవాడు మిగతా పన్నెండింటి గురించి నిజం చెప్పాడని నేనెలా నమ్మాలి? వచ్చే వారం మందని జాబితాలోంచి తీసేస్తాను" అన్నాడు.

శుక్రవారం చర్చి మానేసి, బస్సూ ఆపైన టాక్సీ పట్టుకుని సులైబియా వెళ్లాను. ఆ ఎండ పగవాడికి కూడా వద్దు. సిద్ధయ్య నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో! లేచి గ్లాసు కడిగి లబన్, అదే మజ్జిగ, పోశాడు. నేను తాగలేదు.

"ఏంటండీ బాబూ మీరు చేసిన పని! ఆ రెండు పిల్లలూ చుక్కమ్మకీ గోగుకీ పుట్టలేదంట కదా. నా చీటీలు తప్పని నన్నంటున్నారు అక్కడ!"

అతను గభాలున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. కంచె వైపు చూశాడు. చుక్కమ్మ నీడలో పడుకుని ఉంది, పిల్ల దాని పొట్టకి ఆనుకుని ఉంది. "యెవురన్నారు? అది చుక్కమ్మ బిడ్డే" అన్నాడు గట్టిగా, చుక్కమ్మకి వినపడేలా.

"రక్తం చెప్పిందండీ!"

"రక్తానికేం తెల్సు?"

"తెలుసో లేదో, మీరు నిజం చెప్పకపోతే పద్నాలుగూ సంతకి పోతాయి. సుల్తాన్ ఎవడి తోటకి పోతాడో, చుక్కమ్మని ఎవడు కోసుకు తింటాడో! ఆయ్, మీ ఇష్టం!"

కోసుకు తింటాడు అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. కానీ ఆ మాటకే అతను లేచాడు. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, రమ్మన్నట్టు చెయ్యి ఊపి, గేటు దాటి, ఇసుక రోడ్డు దాటి, లారీలు పోయే తారు రోడ్డు దాకా నడిచాడు. నేను తిట్టుకుంటూ వెనకాలే నడిచాను. అక్కడ లారీల మోతలో, నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

మందలో పదిహేనోది ఒకటి ఉండేది. ఎర్రమ్మ. పదేళ్ల కిందట సరిహద్దు అవతల ఎడారిలో దొరికిన కూన, అబూ నాసర్‌కి ఎడారిలో తిరిగే బదూ ఎవడో తెచ్చిచ్చాడు. మిగతావాటి కంటే ఎర్రగా ఉండేది, మనిషి పొడ గిట్టేది కాదు. మార్చిలో కవల పిల్లల్ని ఈని, రెండో రోజు చచ్చిపోయింది. అదే వారం చుక్కమ్మకి చచ్చిన పిల్ల పుట్టింది. గోగు పిల్ల పుట్టి మూడు రోజులకి పోయింది.

"చుక్కమ్మ ఈనేటప్పుడు పడిన ఉమ్మనీరు ఎర్రమ్మ పిల్లకి పూసినా. గోగుకయితే దాని బిడ్డ తోలొలిచి రెండో పిల్లకి కట్టినా, నాలుగు దినాలు. వాసన చూసి చూసి, ఆఖరికి చేపినాయి. పొదుగులోకి పాలొచ్చినాయి" అన్నాడు. "చేపినంక తల్లి చెవిలో మూడుతూర్లు 'నీ బిడ్డే' అని చెప్పల్ల. ఇంగ పాలు మాన్పించే దాకా యెవురూ అది పరాయి బిడ్డ అనగూడదు. యెవురు అడిగినా అనగూడదు. అంటే చేపు ఆగిపోతాది. మా తాత అట్లే చేసె, మా నాయనా అట్లే చేసె. నువ్వు రాసుకుంటా తల్లి యెవురని అడిగితివి. ఆ పక్కనే అవి ఇంటాండె. నేనెట్ల చెప్పల్ల?"

ఇంతసేపూ మండిన కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. చుక్కమ్మకి తెలుగు రాదండీ అందామనుకున్నాను. అతను దానితో ఏడేళ్లుగా తెలుగే మాట్లాడుతున్నాడని గుర్తొచ్చింది.

"జింకకే కాదులేమ్మా" అన్నాడు రోడ్డు మీద లారీలు చూస్తూ. "మా ఆడామె కాన్పులో పోయ. పచ్చి పాప. మా తమ్ముడు నాగేశ్వర పెండ్లాం అప్పుడే బిడ్డను పోగొట్టుకోనుండె. ఆమె ఒళ్లో పెట్టినా పాపను. ఆమెకు పాలు పడినాయి. యెవురూ మాట్లాడొద్దని ఇంటింటికీ పోయి నేనే చెప్పొచ్చినా. పాలు మానినంక చెప్తామనుకుంటే అప్పటికి నేను ఈడ గొర్రెల కాడ ఉండా. రెడ్డెమ్మ దాని పేరు. నన్ను పెద్దనాయనా అంటాది."

"ఇప్పటికీ తెలీదా?"

"తెలీదు. పన్నెండేళ్లు నిండినాయి. ఈ చలికాలం పోయి చెప్పల్లనుకుంటాండా. తమ్మునికీ చెప్పినా, సరే అన్నాడు. ఒగసారి నాయనా అని పిలిపిచ్చుకోవల్లని ఉంది. నన్నెవురూ అట్ల పిలవలే."

"చెప్పండి మరి! చెప్పాల్సిందే. కన్న తండ్రి ఎవరో తెలియద్దా పిల్లకి? నిజం చెప్తే ఆకాశం ఊడి పడదు" అన్నాను. ఎవరి బతుకులోకైనా దూరి సలహా ఇవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అతను తల ఊపాడు. "సరే, డాక్టరుకు చెప్పుపో. కానీ ఆ కంచె కాడ మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

శనివారం ల్యాబు సెలవు. ఆదివారం పొద్దున్నే డాక్టర్‌కి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కోపమంతా పోయి చిన్నపిల్లాడిలా గది చుట్టూ తిరిగాడు. ఎర్రమ్మ అడవిలో పుట్టింది! ఆ రక్తం ఏ తోటలోనూ లేదు, ఆయన చూసిన ఏడు మందల్లోనూ లేదు. అది ఇప్పుడు ఆ రెండు పిల్లల్లోనే మిగిలి ఉంది. "నీ మనిషి బంగారం కాపాడాడు" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ రోజంతా పాటలు పాడుకుంటూ సీసాలు కడిగాను.

మర్నాడు కాగితం వచ్చింది. ఎర్రమ్మ పిల్లలు రెండూ ఎడారి కంచెకి. మిగతా పన్నెండూ ఒకదానికొకటి మరీ దగ్గర చుట్టాలు, సుల్తాన్‌కి కూతుళ్లూ చెల్లెళ్లూ, కాబట్టి అక్కర్లేదు.

"అన్నీ కలిసి పోతాయని నేను మాటిచ్చాను డాక్టర్" అన్నాను. ఎవరిచ్చారు నీకా అధికారం అన్నట్టు చూశాడు పాపం, అనలేదు. పైగా మంచి మనిషి కనక రెండు పనులు చేశాడు. అబూ నాసర్ దగ్గరికి వెళ్లి, మిగతావాటిని సంతకి పంపకుండా అతని తమ్ముడి కొడుకు తోటకి ఇప్పించాడు. సిద్ధయ్యకి ఎడారి కంచె దగ్గర ఉద్యోగం ఖాయం చేశాడు. ఏసీ గది, శుక్రవారం సెలవు, పక్కన మాట్లాడే మనుషులు. నిజం దాచినా ఆ పన్నెండింటి గతి అంతకంటే బాగుపడేది కాదని కూడా నాకు నచ్చజెప్పాడు. నిజమే కావచ్చు.

జూలై మొదటి వారంలో, ఎండ ముదరకముందే, పిల్లల్ని తీసుకెళ్లడానికి వ్యాన్ వచ్చింది. వేరేవాళ్లు పట్టుకుంటే బెదిరి కాళ్లు విరగ్గొట్టుకుంటాయని సిద్ధయ్యే పట్టి పెట్టెల్లో పెట్టాడు. పెట్టెకి లోపల గోనె కట్టాడు. డాక్టర్ ముందు సీటు చూపించి, "యల్లా సిద్ధయ్యా, నీ సంచి ఏది?" అన్నాడు.

సిద్ధయ్య 'లా' అన్నాడు.

డాక్టర్ నా వైపు చూశాడు. నేను విరుచుకుపడ్డాను. "మతుందా మీకు? మనుషులున్న చోటికి తీసుకెళ్తామంటే వద్దంటారా? ఇంకా ఎన్నేళ్లు ఈ రేకుల గదిలో మగ్గుతారు? ఆ తమ్ముడి కొడుకు తోట ఇంతకంటే అవతల ఉందండీ, నీళ్ల ట్యాంకరు కూడా సరిగ్గా రాదు అక్కడికి!"

"పిల్లలు గడ్డి నేర్చినాయిమ్మా, బతుకుతాయి" అన్నాడు. "తల్లులకు ఇంకా చేపు ఆగలే. పొదుగులు బిగిసిపోతాయి. పూటపూటకీ యెవురో ఒగరు పిండల్ల. నేను తప్ప యెవురినీ దగ్గిరికి రానియ్యవు."

వ్యాన్ వెళ్లిపోయింది. నేను డాక్టర్‌తో వెళ్లకుండా ఉండిపోయాను. ఎందుకో ఆ మనిషిని అలా వదిలి వెళ్లబుద్ధి కాలేదు. చుక్కమ్మ కంచె పొడుగునా అటూ ఇటూ నడుస్తూ, ముక్కుతో చిన్నగా పిలుస్తూ ఉంది. గోగు వ్యాన్ నిలబడిన చోటుకి దగ్గర్లో కంచెకి మొహం ఆనించి నిలబడింది. సిద్ధయ్య కూర్చుని చుక్కమ్మ పాలు ఇసుకలోకి పిండాడు. దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. నా నోటి వల్లే కదా ఇదంతా అనిపించింది.

గదిలోకి వచ్చి చేతులు కడుక్కుని ఊరికి ఫోన్ కలిపాడు. అతనెప్పుడూ స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు, గదంతా మనుషులున్నట్టుంటుందని. అవతల ఆడపిల్ల గొంతు, గలగలమంటూ.

"పెద్దనాయనా! ఈ చలికాలం వచ్చాండావంట కదా! నాకేందో పెద్ద మాట చెప్పల్లంటివంట. మా నాయన చెప్పినాడు. మాయమ్మ అప్పుటి నుండి ఒగటే ఏడుచ్చాంది, అడిగితే చెప్పదు. ఏంది పెద్దనాయనా? ఇప్పుడే చెప్పు!"

సిద్ధయ్య నా వైపు చూశాడు. చెప్పాల్సిందే అన్నదాన్ని నేనే. నెల కూడా కాలేదు. బయట చుక్కమ్మ ఇంకా పిలుస్తూనే ఉంది.

"ఏం లేదు తల్లీ" అన్నాడు. "ఈడ జింకలుండాయి. ఆటి కతలు చెప్తామని."

"అంతేనా! దీనికా మాయమ్మ ఏడిచేది?"

"అంతే. మీయమ్మకు చెప్పు, ఇంగేమీ లేదంట, ఏడవొద్దని. నేను చెప్పినానని చెప్పు." ఫోన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "సరే తల్లీ. ఫోను మీ నాయనకియ్యి."